మీకు తెలుసా? పెద్ద కుర్చీలోంచి వచ్చిన చిన్న మాటలు

‘పొరపాటు నాదే.’ ‘నాకు తెలియదు.’ ‘నావల్ల కావడం లేదు.’ ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు ఈ మాటలంటే పెద్దరికం పోతుందని చాలామంది భయం. అన్నవాళ్లకు ఏమైందో చూడండి.

● ‘బాధ్యత నాది’
1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ కక్ష్యకు చేరకుండానే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. కంప్యూటర్ ఆపమన్నా నిపుణుల సలహాతో ముందుకెళ్లమన్నది తానేనని ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. అయినా ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని వైఫల్యాన్ని తన నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న రెండో ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంను ముందుకు పంపారు. 2002 నుంచి శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి ధావన్ పేరే ఉంది.

● ‘మీకేం తోస్తోంది?’
1989 జులై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న డీసీ-10 విమానంలో తోక దగ్గరి ఇంజిన్ పేలింది. విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. ఆ గండం గట్టెక్కే దారి ఏ శిక్షణలోనూ నేర్పలేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అంతా తనకే తెలుసనుకోలేదు. తోటి సిబ్బందిని సలహా అడిగారు. ప్రయాణికుల్లో ఉన్న పైలట్ల శిక్షకుడు డెన్నీ ఫిచ్‌ను కాక్‌పిట్‌లోకి పిలిపించి, ఇంజిన్ల శక్తిని మార్చే థ్రాటిళ్లు అప్పగించారు. అత్యవసరంగా దిగబోయిన సూ సిటీ రన్‌వే మీద విమానం ముక్కలైనా 296 మందిలో 184 మంది బతికారు. ఒకప్పుడు కాక్‌పిట్‌లో కెప్టెన్ మాటకు ఎదురుండేది కాదు. 1977లో టెనెరిఫేలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోవడం లాంటి ప్రమాదాల తర్వాతే, అందరి మాటా వినాలని పైలట్లకు నేర్పడం మొదలైంది. అన్ని ప్రాణాలు నిలవడంలో ఆ శిక్షణ పాత్ర పెద్దదని హేన్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

● ‘నేను చెప్పింది తప్పు’
హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన ఎనిమిది నెలలకు, 2014 అక్టోబరులో, అరిజోనాలో కంప్యూటర్ రంగ మహిళల సదస్సులో మాట జారారు. మహిళలు జీతం పెంచమని అడగక్కర్లేదు, వ్యవస్థను నమ్మితే చాలన్నారు. విమర్శలు ముంచెత్తాయి. ఆ రోజే ఆయన ఉద్యోగులకు ఈమెయిల్ రాశారు. తన మాటలు వక్రీకరించారని అనలేదు. తన జవాబు పూర్తిగా తప్పనీ, జీతం పెరగాలనుకుంటే అడగాల్సిందేననీ ఒప్పుకున్నారు.

● ‘నిద్ర పట్టడం లేదు’
బ్రిటన్‌లో లాయిడ్స్ బ్యాంకింగ్ గ్రూప్ సీఈఓ ఆంటోనియో హోర్తా-ఒసోరియో పదవిలోకి వచ్చిన ఏడాది, 2011లోనే, నిద్రలేమితో అలసిపోయి సెలవు పెట్టారు. బ్యాంకు షేరు పడింది. 2012 జనవరిలో ఆయన తిరిగొచ్చి 2021 దాకా ఆ బ్యాంకును నడిపారు. ఉద్యోగుల మానసిక ఆరోగ్యాన్ని బ్యాంకు పట్టించుకునేలా చేశారు.

● మంచి టీమ్‌లోనే ఎక్కువ తప్పులు!
ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లపై పరిశోధకురాలు అమీ ఎడ్మండ్సన్ చేసిన అధ్యయనం 1996లో వెలువడింది. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, వాటిని దాచకపోవడమే కారణమని ఆమెకు అర్థమైంది. 2012లో మొదలుపెట్టి గూగుల్ తన 180 టీమ్‌లను పరిశీలించినప్పుడూ, మంచి టీమ్‌కు మొదటి గుర్తుగా తేలింది ఇదే: భయపడకుండా నోరు విప్పగలగడం.

● ఒక షరతు ఉంది
1966లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం విద్యార్థులకు క్విజ్ రికార్డింగులు వినిపించింది. 92 శాతం జవాబులు సరిగ్గా చెప్పిన వ్యక్తి చివర్లో తన మీద కాఫీ ఒలకబోసుకుంటే వాళ్లకు అతను ఇంకా నచ్చాడు. 30 శాతమే చెప్పిన వ్యక్తి ఒలకబోసుకుంటే ఉన్న ఇష్టమూ తగ్గింది. పని వచ్చినవాళ్ల పొరపాటే మనసుకు దగ్గరవుతుందన్నమాట. పనితనం లేనిచోట ఒప్పుకోలు ఒక్కటే ఆదుకోదు.

రేపు మీ టీమ్‌లో ఏదైనా పని చెడితే, ఎవరి వల్లని అడగకముందే అందులో మీ వాటా ఎంతో మీరే చెప్పండి. మిగతావాళ్లు నిజం దాచుకోవాల్సిన అవసరం అక్కడితో తగ్గిపోతుంది.