ఒక్క వాక్యపు ఉత్తరం

బైలాడిలా అంటే ఎద్దు మూపురమని అర్థం. దంతెవాడ అడవుల మీదుగా ఆ కొండల వరుస కనబడగానే, రైలులో కూర్చున్న కొత్త ఉద్యోగి గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంటుంది. కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం ఏర్పడిన నాటి నుండి ఉత్తరాంధ్ర జిల్లాల యువకులు ఎందరో పొట్ట చేత పట్టుకొని ఈ కొండలకు వచ్చారు. ఈ నేలమీదనే పుట్టి పెరిగి, తమ ఇంటిలో మొట్టమొదటిసారిగా నెలజీతం అందుకున్న గోండు, హల్బా యువతీయువకులు వారి పక్కనే నిలిచి పని చేశారు. భాషలు వేరైనా ఇరువురి మనసులోని బెంగ ఒక్కటే: ఈ ఉద్యోగం నిలుస్తుందా?

ఆ బెంగ నిజమయ్యే సందర్భాన్ని ఊహించుకుందాం. షిఫ్టు ముగించుకొని క్వార్టరుకు చేరిన యువకుని చేతికి ఒక కవరు అందుతుంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: మీ సేవలు ఇకపై అవసరం లేదు. ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు. ఇంటికి ఏమని రాయాలో తోచదు. ఆ రాత్రి అతడు ఎవరి సిఫారసు కోసం పరుగెత్తాలా అని ఆలోచిస్తాడు. కాని అతడు మొదట అడగవలసిన ప్రశ్న వేరు. నన్ను తొలగించడానికి కారణమేమిటి? నా మాట విన్నారా? నా వంటివారందరికీ ఇదే నియమం వర్తించిందా? మన న్యాయవ్యవస్థ ఉద్యోగికి ఇచ్చిన రక్షణలో అధికభాగం ఈ ప్రశ్నలలోనే ఇమిడి ఉన్నది.

ఉపాధి పోవడమంటే ఏమిటో బైలాడిలాకు తెలిసినంతగా మరికొన్ని ప్రాంతాలకు తెలియదు. 1970ల చివర యంత్రాలతో తవ్వకం విస్తరించినప్పుడు, గుత్తేదారుల కింద చేతిపనితో ఇనుపఖనిజం తీసే కార్మికులు వేల సంఖ్యలో పని కోల్పోయారు. 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలో ఉండేది. గుత్తేదారు కింద పనిచేసేవాడికి ‘నా యజమాని ఎవరు?’ అన్న ప్రశ్న దగ్గరనే న్యాయం తరచుగా ఆగిపోతుంది. నియామకపు ఉత్తర్వు చేతిలో ఉన్న ఉద్యోగి ఆ కాగితం విలువను ఇక్కడి నుండే గ్రహించాలి.

పని తగ్గినందువల్ల తొలగించడం వేరు, తప్పు చేశాడని తొలగించడం వేరు. మొదటిదానిని రిట్రెంచ్‌మెంట్ అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిపాటు ఎడతెగని సేవ ఉన్న కార్మికునికి నెల నోటీసు గాని, నెల జీతం గాని ఇవ్వాలి. నిండిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. ఏడాదిలో 240 రోజులు (భూగర్భ గనులలో 190 రోజులు) పని చేస్తే ఏడాది సేవగా లెక్కించారు. చివర చేరినవాడు ముందు వెళ్లాలన్నది సాధారణ నియమం. అందువల్ల యువ ఉద్యోగికే ముప్పు ఎక్కువ. అయితే తనకంటే వెనుక చేరినవాడిని ఉంచి తనను పంపితే, యాజమాన్యం అందుకు కారణం నమోదు చేసి ఉండాలి. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించినా ఈ మూలసూత్రాలు కొనసాగుతున్నాయి.

ఇక తప్పు మోపి తొలగించే విషయం. యువకులకు సంబంధించి ఇందులో చిక్కైనది ప్రొబేషన్. ‘ప్రొబేషన్‌లో ఉన్నవాడిని ఎప్పుడైనా పంపవచ్చు’ అన్న మాట తరచుగా వినబడుతుంది. అది సగం మాత్రమే నిజం. పని సంతృప్తికరంగా లేదని నిజాయితీగా నిర్ణయించి పంపవచ్చు. కాని ఏదో నేరం మనసులో పెట్టుకొని, విచారణ చేయకుండా, మర్యాదైన మాటల చాటున పంపరాదు.

ఇందుకు నిదర్శనం హైదరాబాదులోనే ఉన్నది. 1981 జూన్ 22 తెల్లవారుజామున జాతీయ పోలీసు అకాడమీలో, వాన కురుస్తున్న వేళ, శిక్షణార్థులు వ్యాయామానికి ఆలస్యంగా చేరారు. దానికి ప్రేరకులలో ఒకడని ఒక యువ అధికారిని భావించారు. సంజాయిషీ అడిగారు, అతడు ఆలస్యానికి విచారం తెలిపి, తాను ఎవరినీ ప్రేరేపించలేదన్నాడు. సక్రమమైన విచారణ జరగలేదు. ఆ నవంబరులో డిశ్చార్జి ఉత్తర్వు వెలువడింది. అందులో ఒక్క నింద కూడా లేదు. 1984లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు మాటలతో సరిపెట్టుకోలేదు. దాని వెనుకనున్న అసలు కారణాన్ని పరిశీలించి, ఇది విచారణ లేని శిక్షయేనని తేల్చి ఉత్తర్వును కొట్టివేసింది. ఒక్క వాక్యపు ఉత్తరాన్ని చూసి కుంగిపోయే ప్రతి యువకుడూ తెలుసుకోవలసిన తీర్పు ఇది.

ఆ అధికారి ప్రభుత్వోద్యోగి గనుక రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ ఆయనకు ఉన్నది. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ఆ అధికరణ వర్తించదు. కాని మన సంస్థలు రాజ్యాంగ దృష్టిలో ‘రాజ్యం’లో భాగమే కనుక, సమానత్వాన్ని చెప్పే 14, 16 అధికరణలు మనకు అండగా నిలుస్తాయి. నోటీసో, నోటీసు కాలపు జీతమో ఇచ్చి, కారణం చెప్పకుండా శాశ్వతోద్యోగిని పంపివేసే నిబంధనలను సుప్రీంకోర్టు 1986లో ఒక జలరవాణా సంస్థ కేసులోను, 1990లో ఢిల్లీ రవాణా సంస్థ కేసులోను చెల్లవన్నది.

1993లో వెలువడిన రెండు తీర్పులు తెలుగువారికి మరింత దగ్గరివి. మొదటిది హైదరాబాదులోని ఈసీఐఎల్ కేసు. విచారణాధికారి నివేదిక ప్రతిని శిక్ష నిర్ణయించక ముందే ఉద్యోగికి ఇచ్చి, దానిపై అతని మాట వినాలని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే ప్రతి ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. దానివల్ల తనకు నష్టం జరిగిందని చూపవలసి ఉంటుంది. రెండవది, తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి వెలువరించిన డి.కె. యాదవ్ కేసు తీర్పు. సెలవు లేకుండా ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందన్న స్టాండింగ్ ఆర్డరు ఉన్నప్పటికీ, అతని మాట వినకుండా పేరు కొట్టివేయరాదని, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు సారాంశం. వర్షాకాలంలో అనంతగిరి కొండల వద్ద కొండచరియలు విరిగిపడి రైళ్లు నిలిచిపోవడం, ఇంటికి వెళ్లినవాడు మలేరియాతో మంచం పట్టడం ఎరిగిన మనకు ఆ తీర్పు విలువ వేరే చెప్పనవసరం లేదు.

వివక్ష అన్నది ఎప్పుడూ కులం, భాష, ప్రాంతం పేరు పెట్టుకొని రాదు. కొన్నిసార్లు ఒక దరఖాస్తు ఫారం రూపంలో వస్తుంది. జీవిత బీమా సంస్థలో ప్రొబేషన్‌లో ఉన్న ఒక మహిళను, ఫారంలో తన గర్భధారణ వివరాలు దాచిందని తొలగించారు. ఋతుక్రమం, గర్భధారణల గురించి అడిగే ఆ గడులు స్త్రీ మర్యాదకు భంగకరమని 1991లో సుప్రీంకోర్టు భావించి, వాటిని తొలగించవలసిందని సూచించి, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నది.

ఇవన్నీ తెలిసినా ఆపదవేళ మనసు తడబడుతుంది. కనుక కొన్ని పద్ధతులు ముందే అలవరచుకోవాలి. నియామకపు ఉత్తర్వు, జీతపు చీటీలు, సెలవు దరఖాస్తుల నకళ్లు ఇంటిలో ఒకచోట ఉంచాలి. మెమో అందితే గడువులోగా, వినయంగా, రాతపూర్వకంగా జవాబిచ్చి అందినట్లు సంతకం తీసుకోవాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితంపై సంతకం చేయక, తనకు తెలిసిన భాషలో వివరించమని కోరాలి. స్టాండింగ్ ఆర్డర్లను ఇంగ్లీషులోను, అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను పని స్థలం ద్వారం వద్ద ప్రదర్శించాలని 1946 నాటి చట్టమే చెప్పింది. ఆ బోర్డు వద్ద ఒకసారి ఆగి చదవడం మేలు. సస్పెన్షన్ కాలంలో మొదటి 90 రోజులు సగం వేతనం జీవనభృతిగా రావాలి. కోపంతోనో, ఒత్తిడితోనో రాజీనామా రాయరాదు. రాసిన తరువాత ‘నన్ను తొలగించారు’ అనడం కష్టం. తొలగింపు జరిగితే ముందు సంస్థలోనే అప్పీలు, ఆపై సంధాన అధికారి, ట్రిబ్యునల్. నేటి కోడ్ ప్రకారం, తలెత్తి రెండేళ్లు దాటిన వివాదాన్ని సంధాన అధికారి చేపట్టరు. కనుక కాలయాపన తగదు.

హక్కులు తెలిసినంత మాత్రాన విధులు తేలికకావు. వేళకు రానివాడికి, భద్రతా నియమాలు మీరినవాడికి ఏ తీర్పూ కవచం కాదు. న్యాయస్థానాలు కోరినది దండన వద్దని కాదు, విన్న తరువాతనే దండించాలని. అలా విన్న యాజమాన్యానికి క్రమశిక్షణ మరింత సులభమవుతుంది. శిక్ష పొందినవాడు సైతం తన మాట విన్నారన్న తృప్తితో తలవంచుతాడు.

ఈ విషయంలో పెద్దల బాధ్యత ఒకటున్నది. విచారణలో ఉద్యోగి తన పక్షాన ఒక సహోద్యోగిని తోడు తెచ్చుకొనే వీలు సాధారణంగా ఉంటుంది. కాని కొత్తగా చేరిన కుర్రవాడికి ఎవరిని అడగాలో తెలియదు. ఆ కవరు అందిన రాత్రి అతని తలుపు తట్టి, ‘ఏది నాయనా, ఆ కాగితం ఇలా ఇవ్వు, చూద్దాం’ అనే పెద్దమనిషి ఒకరు పక్క క్వార్టరులో ఉంటే, అతని ఇంటికి వెళ్లవలసిన ఉత్తరం మరొక విధంగా మొదలవుతుంది.