సైకిల్ సీటుకు ముక్కెందుకు?

"సీటు మెత్తగా ఉంటే నొప్పి తగ్గాలి కదా మాస్టారూ, మా నాన్నకి ఇంకా ఎక్కువైందేంటి?" పీడనం పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. వాళ్ళ నాన్న పెదపారుపూడి నుంచి గుడివాడకి రోజూ సైకిల్ మీద పాలు పోసి వస్తాడు. మిగతా సంగతి సాయంత్రం ఆయనే వచ్చి చెప్పాడు. సీటు గట్టిగా ఉందని స్పాంజి కవరు వేయించాక కాళ్ళ సందున తిమ్మిరి పెరిగిందట. సైకిల్ దిగి ఒంటేలుకు వెళితే ధార వెంటనే రాదు, వచ్చాక చురుక్కుమంటుంది. ప్రొస్టేట్ ఏమైనా దెబ్బతిందా అని ఆయన భయం. ఎవరికీ చెప్పుకోలేక కొన్నాళ్ళు సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాడు కూడా. సైకిల్ సీటు చరిత్ర మొత్తం ఆ కుర్రాడి ప్రశ్నలోనే ఉంది.

కుర్చీలో అరచేతులు కింద పెట్టుకుని కూర్చోండి. రెండు ఎముకలు గుబ్బల్లా తగులుతాయి. మగవాళ్ళలో వాటి మధ్య ఎడం సుమారు 10 నుంచి 13 సెంటీమీటర్లు. మనిషి కూర్చోవడానికని ఒంట్లో ఉన్న రెండు పీటలవి. వాటిమీద గంటలకొద్దీ బరువు పడినా తట్టుకుంటాయి. చిక్కంతా వాటి మధ్య జాగాతోనే. వృషణాలకీ మలద్వారానికీ నడుమ ఉన్న ఆ మెత్తటి చోట మూత్రనాళం వంపు తిరుగుతుంది. ఆ ప్రాంతానికి స్పర్శనిచ్చే ప్యుడెండల్ నరం కొమ్మలు అక్కడే ఉంటాయి. పురుషాంగానికి రక్తం తీసుకెళ్ళే ధమనులదీ అదే దారి. వీటికి కిందినుంచి ఏ ఎముకా అడ్డులేదు. సైకిల్ సీటు ముక్కు సరిగ్గా అక్కడే ఆనుతుంది.

పిల్లలతో బోర్డు మీద ఒక లెక్క వేయించాను. ఒంటి బరువులో ఐదు కిలోలు మాత్రమే సీటు ముక్కు మీద పడుతున్నాయనుకుందాం. ముక్కు మీద ఒళ్ళు ఆనే జాగా మూడు సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల పొడవు. అంటే 15 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 333 గ్రాములు పడుతున్నట్టు. ఇప్పుడు రక్తపోటు సంగతి చూద్దాం. గుండె కొట్టుకున్నప్పుడు 120 మిల్లీమీటర్లు, అంటే 12 సెంటీమీటర్ల ఎత్తు పాదరసం. పాదరసం సాంద్రత 13.6 కాబట్టి చదరపు సెంటీమీటరుకు 163 గ్రాములు. సీటు ఒత్తిడంతా ధమనిదాకా చేరదు, మధ్యలో చర్మం, కండ కొంత పంచుకుంటాయి. కానీ సగం చేరినా చాలు, రక్తం నిలిచిపోతుంది. అయిదు కిలోలంటే నడుం కొంచెం ముందుకు వంచితే చాలు, పడే బరువే.

ఇక స్పాంజి కవరు చేసే పని. మెత్తటి దాంట్లో ముందు దిగబడేవి గట్టి ఎముకలే. అవి రెండు పక్కలా అడుగంటిపోతే నడుమనున్న స్పాంజి పైకి ఉబుకుతుంది, నేరుగా ఆ మెత్తటి చోటునే నొక్కుతుంది. ఎముకలు మోయాల్సిన బరువు నరాల మీదికి వచ్చిపడుతుంది. 2002లో జర్మనీ వైద్యులు పురుషాంగం చర్మం మీద సెన్సరు పెట్టి, రకరకాల సీట్ల మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ కొలిచారు. బాగా స్పాంజి కూరిన సన్నటి సీటు మీద అది 82 శాతం పడిపోయింది. ముక్కు లేని వెడల్పాటి సీటు మీద తగ్గింది 20 శాతమే. కావలసింది మెత్తదనం కాదు, వెడల్పు అని వాళ్ళు తేల్చారు. పాలాయనకి జరిగింది అచ్చం ఇదే.

అందుకే నాకు పాత తోలు సీటంటే అంత ఇష్టం. గుజరీలో దొరికిన ఒకదాన్ని ఊడదీసి చూశాను. లోపల స్పాంజి లేదు, దూది లేదు. వెనక వంపు తిరిగిన ఇనప పట్టీ, ముందు చిన్న ఇనప మూతి, ఈ రెంటి మధ్య ఒక్క మందపాటి తోలు ముక్క లాగి రివిట్లతో బిగించి ఉంది. కింద ఖాళీ. నులక మంచం ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. బరువు పడ్డచోట సాగి, మిగతాచోట బిగువుగా నిలుస్తుంది. తోలును నీళ్ళలో నానబెట్టి, అచ్చు మీద సాగదీసి, ఆరబెట్టి తయారుచేస్తారు. కొత్తలో చెక్కలా ఉంటుంది. తొక్కగా తొక్కగా ఆ మనిషి ఎముకలు ఆనే రెండుచోట్ల మాత్రమే గుంటలు పడతాయి. నడుమ భాగం గట్టిగానే ఉంటుంది గనుక ఎముకలు ఆ గుంటల్లో కుదురుకుంటాయి. వేరేవాళ్ళ సైకిల్ ఎక్కితే ఇబ్బందిగా ఉండేది అందుకే, ఆ గుంటలు మనవి కావు.

తోలు అన్నాక సాగుతుంది. సాగితే నడుమ కుంగి ముక్కు ఎత్తుగా మిగులుతుంది, మనిషి జారి దానిమీదికే వస్తాడు. దానికి మందు సీటు అడుగునే ఉంది. ముక్కు లోపల ఒక బోల్టు, దాని నట్టును పానాతో తిప్పితే ఇనప మూతి ముందుకు జరిగి తోలు మళ్ళీ బిగుస్తుంది. ఒక్క నట్టుతో సీటు మొత్తాన్ని శ్రుతి చేసే ఏర్పాటు. నేను చూసిన సైకిల్ భాగాల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. అతిగా బిగిస్తే మాత్రం నడుమ వెన్నులా లేచి ఇంకా బాధపెడుతుంది.

ముక్కెందుకన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. లాగి కట్టాలంటే రెండు కొసలుండాలి. వెనక కొస పిరుదుల కింద వెడల్పుగా ఉండొచ్చు, ముందు కొస తొడల మధ్య ఇమడాలి కాబట్టి సన్నబడక తప్పదు. ముక్కు పుట్టడానికి తోలు అవసరం సగం కారణమని నా నమ్మకం. మిగతా సగం తొడల పట్టు. మలుపులో బండి ఒరిగినప్పుడు తొడ లోపలి వైపు ముక్కుకి తగిలి అదుపు దొరుకుతుంది.

ఈ తోలు సీటుకి పేరు తెచ్చినవాడు జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. 1866లో బర్మింగ్‌హామ్‌లో గుర్రపు పట్టీలు, తోలు సామాను చేసే వ్యాపారం పెట్టాడు. 1878లో గుర్రం చనిపోతే అరువు సైకిల్ ఎక్కాడనీ, దాని సీటు పెట్టిన బాధే తనని ఈ పనిలోకి దించిందనీ ఆ సంస్థ చెప్పుకునే కథ. 1882లో పేటెంటు తీసుకున్నాడు. దానికి పోటీగా 1890ల్లో అమెరికాలో క్రిస్టీ సీటు వచ్చింది. ఇనప పళ్ళెం మీద ఎముకకొకటి చొప్పున రెండు దిండ్లు, నడుమ ఖాళీ. కటి ఎముకను సీటు మీద కూర్చోబెట్టిన బొమ్మ వేసి మరీ ప్రకటనలు ఇచ్చారు. శరీరశాస్త్రం ప్రకారం క్రిస్టీదే న్యాయం. గెలిచింది మాత్రం తోలు సీటు. తేలిక, సాగే గుణం, తొడల పట్టు దాన్ని గెలిపించాయి. ముక్కు ఒత్తిడి గురించి అప్పటి వైద్యులు చేసిన హెచ్చరికలు మరుగునపడ్డాయి.

1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, తర్వాత అట్లాస్, హీరో వచ్చాక మన ఊళ్ళకి చేరింది ఆ తోలు సీటు వంశమే, వెనక రెండు పెద్ద స్ప్రింగులతో. అసెంబ్లీకి సైకిల్ మీద వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య గారి తరమైనా, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ షిఫ్టులకి తొక్కినవాళ్ళైనా నిటారుగా కూర్చునేవాళ్ళు. హ్యాండిల్ బారు ఎత్తు కాబట్టి బరువు వెనక ఎముకల మీద పడేది. తర్వాత తోలు పోయి రెక్సిన్, ప్లాస్టిక్ వచ్చాయి. రేసు సైకిళ్ళ హ్యాండిల్ దిగిపోయింది, నడుంతోపాటు కటి ముందుకు ఒరిగింది, తిమ్మిరి పట్టణాల కుర్రాళ్ళకీ అంటింది. 1990ల చివర రోజర్ మింకో అనే వైద్యుడు నడుమ చీలిక పెట్టిన సీటు రూపొందించాడు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సైకిల్ గస్తీ పోలీసులకి ఆరునెలలు ముక్కులేని సీటిచ్చి చూసిన ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. తిమ్మిరి లేదన్నవాళ్ళు 27 నుంచి 82 శాతానికి పెరిగారు. క్రిస్టీ ఆలోచన వందేళ్ళు దాటాక అలా నెగ్గింది.

పాలాయన భయానికి జవాబు కూడా చెప్పాలి. ప్రొస్టేట్ మూత్రాశయం కింద, కటి అడుగు కండరాల పైన ఉంటుంది. సీటు దాన్ని నేరుగా తాకదు. నొక్కుకుపోయేది మూత్రనాళం, నరం. ఎండలో నీళ్ళు తాగకుండా తొక్కితే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. 2018లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో, సైకిల్ తొక్కేవాళ్ళ మూత్ర సమస్యలు ఈతగాళ్ళకీ పరుగెత్తేవాళ్ళకీ ఉన్నపాటే ఉన్నాయి. ఒక్క మూత్రనాళం సన్నబడటం మాత్రం వీళ్ళలో ఎక్కువ కనిపించింది. ఇప్పటికే ప్రొస్టేట్ వాచినవాళ్ళకి దూరప్రయాణం బాధ పెంచొచ్చు. పీఎస్ఏ రక్తపరీక్షకి రెండు రోజుల ముందునుంచి సైకిల్ ఆపమంటారు, అంకె ఎక్కువ చూపించే వీలుంది గనుక. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం బిగిసినా, సైకిల్ దిగాక కూడా తిమ్మిరి వదలకపోయినా సీటు సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

స్పాంజి కవరు తీయించాం. సీటు మరీ ఎత్తుగా ఉంది, పెడలు అందడానికి నడుం అటూ ఇటూ ఊగుతోంది, కాస్త దించాం. సీటు కింద క్లిప్పుకి రెండువైపులా నట్లుంటాయి, రెండూ వదులు చేస్తేనే పళ్ళు విడుస్తాయి. ఒక్క పన్ను ముందుకు దించి, ముక్కు నేలకి సమంగా వచ్చేదాకా చూసి బిగించాం. ఇంకా దించితే బరువంతా అరచేతుల మీద పడి మనిషి ముందుకు జారతాడు. స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడల్లా పెడళ్ళ మీద లేచి నిలబడమన్నాను. ఆ కాసేపు చాలు, ధమనుల్లోకి రక్తం మళ్ళీ వస్తుంది.