వలయచిత్రం చెప్పని పొడవు: సర్క్యూట్ రూపకల్పన, యాంటెన్నా సిమ్యులేషన్ - కొన్ని ఆచరణ సూచనలు

వ్యాససంగ్రహం:
వలయచిత్రంలో తీగ ఒక గీత మాత్రమే. రేడియో పౌనఃపున్యాల వద్ద ఆ గీతకు పొడవు ఉంటుంది, ఆ పొడవుకు ఫలితం ఉంటుంది. కంప్యూటర్ సిమ్యులేషన్ మనం చెప్పిన పొడవులనే లెక్కిస్తుంది, చెప్పనివాటిని లెక్కించదు. ఈ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో, విద్యార్థులు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వలయచిత్రం, పౌనఃపున్యం, అవరోధం, అర్ధతరంగ డైపోల్, సిమ్యులేషన్.

1. ఉపోద్ఘాతం

ఒక పాలిటెక్నిక్ కళాశాలవారు తమ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల చేతిపుస్తకాన్ని తెలుగులో సిద్ధం చేస్తూ, పరిభాషను సరిచూడమని నన్ను కోరారు. 'సిమ్యులేషన్' అనే మాట దగ్గర పని ఆగింది. నేను 'అనుకరణ' అని రాశాను. అక్కడి అధ్యాపకమిత్రుడు ఒప్పుకోలేదు. "అనుకరణ అంటే డాబా మీది యాంటెన్నానే కంప్యూటర్ అనుకరిస్తోందని పిల్లలు అనుకుంటారండీ. అది లెక్కించేది వాళ్లు టైపు చేసిన కొలతల్ని మాత్రమే" అన్నారు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదానిలో కొంత భాగాన్ని, నా వంటి భాషాధ్యాపకులకు కూడా అందేలా ఇక్కడ వివరిస్తున్నాను.

2. గీతకు పొడవు

సన్నని తీగకు మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ చొప్పున ప్రేరకత ఉంటుందన్నది ప్రయోగశాలలో వాడే మోటు లెక్క. ఆ ప్రకారం ఒక సెంటీమీటరు తీగకు 10 నానోహెన్రీలు. ఇంటి కరెంటు పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్ వద్ద ఇది ఓములో లక్షోవంతు కూడా అడ్డుపడదు. 145 మెగాహెర్ట్జ్ వద్ద అదే సెంటీమీటరు తీగ సుమారు 9 ఓములు అడ్డుపడుతుంది. వైఫై పనిచేసే 2.45 గిగాహెర్ట్జ్ వద్ద 150 ఓములు దాటుతుంది. వలయచిత్రంలో మాత్రం ఆ గీత విలువ ఎప్పుడూ సున్నాయే.

అందువల్ల చిప్ సరఫరా కాలికీ గ్రౌండుకూ మధ్య పెట్టే కెపాసిటర్‌ను ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, కాళ్లు కత్తిరించి అతకాలి. దూరంగా పెడితే చిత్రంలో కెపాసిటర్ ఉన్నట్టే కనిపిస్తుంది, బోర్డు మీద లేనట్టే లెక్క. బోర్డు అడుగున గ్రౌండు రాగిపొర తెగకుండా ఉండాలి. అధిక పౌనఃపున్యంలో తిరుగు విద్యుత్తు, పైనున్న గీత కిందుగానే వెనక్కి వస్తుంది. దాని దారిలో రాగిని చీలిస్తే అది చుట్టు తిరిగి రావలసివస్తుంది, ఆ చుట్టే చిన్న యాంటెన్నాగా మారుతుంది. ఇక బ్రెడ్‌బోర్డు మీద రేడియో వలయం కట్టి, పనిచేయలేదని సిద్ధాంతాన్ని తప్పుపట్టేవారికి చెప్పగలిగింది తక్కువ.

3. తెలిసిన జవాబుతో మొదలుపెట్టడం

వలయంలో అనర్థమైన ఈ పొడవునే యాంటెన్నాలో కావాలని వాడుకుంటాం. తీగ యాంటెన్నాలను లెక్కించడానికి నేటికీ విస్తృతంగా వాడే నెక్-2 ప్రోగ్రామ్‌ను అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో బర్క్, పోజియోలు రూపొందించారు. దాని వివరణ గ్రంథం 1981లో వెలువడింది. తీగను చిన్న ఖండాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఖండంలో ఎంత విద్యుత్తు ప్రవహిస్తుందో సమీకరణాల ద్వారా సాధించడం దాని పద్ధతి. ఫోర్‌నెక్2 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల లోపల పనిచేసేది ఇదే.

విద్యార్థి మొదటిరోజే తన కొత్త ఆకృతిని గీయకూడదు. జవాబు ముందే తెలిసిన అర్ధతరంగ డైపోల్‌ను గీయాలి. శూన్యప్రదేశంలో, మిక్కిలి సన్నని తీగతో, సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం పొడవున్న డైపోల్ అవరోధంలో నిరోధభాగం 73 ఓములు, ప్రేరక రియాక్టెన్స్ సుమారు 42 ఓములు. 145 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు, సగం 1.03 మీటర్లు. దాన్ని 98 సెంటీమీటర్ల దాకా తగ్గిస్తే రియాక్టెన్స్ సున్నాకు చేరువై అనునాదం కుదురుతుంది. ఈ విలువల దరిదాపుల్లోకి రాకపోతే లోపం ప్రకృతిలో లేదు, ఫైలులో ఉంది.

ఖండాల సంఖ్య బేసిగా ఉండాలి. అప్పుడే విద్యుత్తును అందించే ఖండం సరిగ్గా మధ్యలో పడుతుంది. ఖండం పొడవు తరంగదైర్ఘ్యంలో పదోవంతుకు మించకూడదు. ఖండాలు పెంచినకొద్దీ కచ్చితత్వం పెరుగుతుందనుకోవడం మాత్రం పొరపాటు. మామూలు పద్ధతిలో ఖండం పొడవు తీగ వ్యాసార్ధానికి 8 రెట్లకు పైగా ఉండాలి. 3 మిల్లీమీటర్ల మందమున్న కడ్డీని 21 ఖండాలు చేస్తే చక్కగా సరిపోతుంది. 401 చేస్తే ఈ నియమం తప్పుతుంది. సంఖ్యను 21, 31, 41గా మార్చి చూసినప్పుడు జవాబు కదలకుండా నిలిస్తేనే దాన్ని నమ్మాలి.

4. నమూనాలో లేనివి

ఒక విద్యార్థి కంప్యూటర్‌లో ఇంత శ్రద్ధగానూ చేశాడు. స్టాండింగ్ వేవ్ నిష్పత్తి 1.4 వచ్చింది. డాబా మీద కట్టాక మీటరు 2కు పైగా చూపింది. విచిత్రమేమిటంటే, కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే ఆ అంకె మారేది. రెండు రోజులు కడ్డీలను కత్తిరిస్తూ పోయాడు. నిజానికి కడ్డీల్లో దోషం లేదు. కోయాక్సియల్ కేబుల్ పైతొడుగు వెలుపలి ముఖం మీదుగా కూడా విద్యుత్తు ప్రవహిస్తోంది. అంటే కేబుల్ కూడా యాంటెన్నాలో మూడో కడ్డీ అయింది. ఫైలులో కేబుల్ లేదు కనుక ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. యాంటెన్నా మొదట్లో కేబుల్‌ను అయిదారు చుట్లు చుట్టి కట్టగానే, చెయ్యి తగిలినా అంకె నిలకడగా ఉంది. కత్తిరించిన కడ్డీలను మాత్రం మళ్లీ కొనవలసివచ్చింది.

బోర్డు మీద ముద్రించే ప్యాచ్ యాంటెన్నాలకు ఇలాంటి చిక్కే ఎఫ్‌ఆర్-4 పదార్థంతో వస్తుంది. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని 4.4 అని టైపు చేస్తాం. చేతికొచ్చిన బోర్డుది 4.6 కావచ్చు. ఆ కాస్త తేడాకే 2.45 గిగాహెర్ట్జ్ ప్యాచ్ సుమారు 50 మెగాహెర్ట్జ్ కిందికి జారుతుంది. వైఫై పట్టీ మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్. కాబట్టి 4.2, 4.4, 4.6 మూడింటితోనూ లెక్కించి, మూడింటికీ ఓర్చుకునే ఆకృతిని ఎంచుకోవాలి.

5. కొలత

నానోవీఎన్ఏ వంటి చవకైన పరికరంతో కొలిచేటప్పుడు దాన్ని కేబుల్ చివర, యాంటెన్నా తగిలించే చోటనే ప్రామాణీకరించాలి. పరికరం దగ్గరే ప్రామాణీకరిస్తే, కేబుల్ పొడవు అవరోధాన్ని మార్చి చూపుతుంది. కడ్డీలను లెక్కకంటే రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగానే కోసి, కొలుస్తూ తగ్గించుకోవాలి.

చేతిపుస్తకంలో చివరికి 'సిమ్యులేషన్' అన్న మాటనే ఉంచాం. ఫలితాల పట్టికలో మాత్రం 'నమూనాలో చేర్చనివి' అనే గడి ఒకటి అదనంగా గీయించాం. దాన్ని ఖాళీగా వదిలిన రికార్డు మీద ఆ మిత్రుడు సంతకం పెట్టరు.