ఎడమకాలికీ పనుంది

ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లకి ముందుగా చెప్పే మాట ఒకటుంది: ఎడమకాలిని పక్కన పెట్టేయండి, దానికిక పనిలేదు. రోడ్డు మీద అది అక్షరాలా పాటించాల్సిన సలహా. డ్రాగ్ రేసులో మాత్రం సగం పందెం ఆ ఎడమకాలిదే.

నేను విశాఖపట్నంలో మా నాన్నగారి అంబాసిడర్ మీద, స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డుతో డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. గేర్లు మార్చడం చేతకానివాళ్లే ఆటోమేటిక్ నడుపుతారని మా ఇంట్లో గట్టి నమ్మకం. డాలస్ వచ్చి, ఊరికి దక్షిణాన ఎన్నిస్‌లో ఉన్న టెక్సాస్ మోటర్‌ప్లెక్స్‌లో పందేలు చూశాక ఆ నమ్మకం నాలో నిలవలేదు. ఇప్పుడు అక్కడే నా మస్టాంగ్ జీటీని పరుగెత్తిస్తున్నాను. దానిది పది గేర్ల ఆటోమేటిక్.

డ్రాగ్ రేసు అంటే తిన్నని దారిలో పావు మైలు పరుగు: 1320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. పక్కపక్కనే రెండు కార్లు, కదలకుండా నిలబడిన చోటి నుంచి బయల్దేరాలి. కాలిఫోర్నియా కుర్రాళ్లు వీధుల్లో పెట్టుకునే పందేలను ఒక పద్ధతిలోకి తేవాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. ఎన్నిస్ ట్రాక్ 1986లో మొదలైంది, పావు మైలు పొడవునా కాంక్రీటే. ఎడ్డీ హిల్ 1988 ఏప్రిల్‌లో 4.990 సెకన్లలో పావు మైలు దాటి, అయిదు సెకన్ల హద్దును మొదటిసారి చెరిపేసింది ఆ కాంక్రీటు మీదే. అలాంటి టాప్ ఫ్యూయల్ బళ్ల సంగతి వేరు, వాటిలో మనం అనుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండదు. నేను చెప్పేది ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు ఆడే బ్రాకెట్ రేసింగ్ గురించి.

ఇందులో ఎవరి కారు వేగమైనదన్నది ప్రశ్న కాదు. నా కారు పావు మైలు ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే చెప్పి, ఆ అంకెను కారు అద్దం మీద రాయాలి. నేను 12.60 రాశాననుకోండి, పక్కవాడు 10.20 రాశాడనుకోండి. నాకు 2.40 సెకన్లు ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. అక్కడి నుంచి ఇద్దరం సమానమే. రాసిన అంకెకంటే తొందరగా, అంటే 12.59లో వెళ్లినా సరే, బ్రేకౌట్ కింద ఓడిపోతాను. పచ్చదీపం పడ్డ 0.060 సెకనుకు నేను కదిలి 12.63లో దాటితే మొత్తం తేడా 0.090. అతను 0.020కే కదిలినా 10.30 పట్టిందంటే తేడా 0.120. గెలుపు నాదే. అతని కారు నాకంటే ఎంత బలమైనదైనా సరే.

బ్రాకెట్ బళ్లలో ఎక్కువ భాగం ఆటోమేటిక్‌లు ఎందుకయ్యాయో ఈ లెక్కలోనే ఉంది. క్లచ్ వదిలే కాలు ప్రతిసారీ ఒకేలా వదలదు. ఆటోమేటిక్‌లో ఆ క్లచ్ స్థానంలో ఉండే టార్క్ కన్వర్టర్ ప్రతిసారీ దాదాపు ఒకేలా పనిచేస్తుంది.

ఎదురెదురుగా రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరగడం మొదలవుతుంది. టార్క్ కన్వర్టర్ లోపల గాలికి బదులు నూనె ఉంటుంది. ఇంజిన్‌కు బిగించిన రెక్కల చక్రం నూనెను విసురుతుంది, గేర్‌బాక్స్‌కు బిగించిన చక్రం ఆ తోపుకు తిరుగుతుంది. మధ్యలో స్టేటర్ అనే మూడో చక్రం వెనక్కి వచ్చే నూనెను దారి మళ్లించి మళ్లీ ఇంజిన్‌కు సాయంగా పంపుతుంది. అందుకే కారు కదలబోయే ఆ క్షణంలో ఇంజిన్ ఇచ్చే మెలితిప్పు బలం దాదాపు రెట్టింపై చక్రాలకు చేరుతుంది. క్లచ్‌కు ఈ గుణం లేదు. నాకు ఈ యంత్రం మీద ఉన్న ప్రేమంతా ఆ మూడో చక్రం దగ్గరే మొదలైంది.

ఆ బలాన్ని ముందే పోగేసి ఉంచేది ఎడమకాలు. ఎడమకాలితో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, కుడికాలితో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ పోతే ఇంజిన్ ఒక వేగం దగ్గర ఆగిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. దీపం పడగానే ఎడమకాలు వదిలి కుడికాలు పూర్తిగా దించాలి. ఎంతవరకు పోగేయాలన్నది టైర్లు చెబుతాయి. బ్రేకు ఆపలేనంత బలం వస్తే వెనక చక్రాలు జరగడమో అక్కడే గిరగిరా తిరగడమో చేస్తాయి. నా మస్టాంగ్‌ని రెండువేల ఆర్‌పీఎం లోపే ఉంచుతాను. కొత్త కార్లు చాలావాటిలో రెండు పెడల్స్ కలిపి నొక్కితే కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని కోసేస్తుంది. ఇంకో సంగతి, కారు కదలకుండా ఇంజిన్ బలం ప్రయోగిస్తే ఆ బలమంతా నూనెలో వేడిగా మారుతుంది. ఒకటి రెండు సెకన్లు దాటి పట్టుకోవడం గేర్‌బాక్స్‌ని ఉడకబెట్టడమే. న్యూట్రల్‌లో రేజ్ చేసి ఒక్కసారిగా డ్రైవ్‌లోకి లాగడం ఇంకా ఘోరం. చూడ్డానికి హడావిడిగా ఉంటుంది గానీ లోపలి క్లచ్ ప్లేట్లూ షాఫ్టులూ విరుగుతాయి. దయచేసి ఎవరూ చేయకండి.

బలమైన బళ్లకు కాలి బ్రేకు చాలదు. వాటికి ట్రాన్స్‌బ్రేక్ ఉంటుంది. స్టీరింగ్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే గేర్‌బాక్స్‌లో ఒకటో గేరూ రివర్సూ ఒకేసారి పడి బండి బిగిసిపోతుంది. బటన్ వదిలితే రివర్స్ ఊడి దూసుకెళుతుంది. ఫ్యాక్టరీ నుంచే దాన్ని బిగించుకుని వచ్చిన మొదటి కారు 2018 మోడల్ డాడ్జ్ చాలెంజర్ డీమన్. రేసు పెట్రోలుతో 840 హార్స్‌పవర్, పావు మైలు 9.65 సెకన్లు. అదీ ఆటోమేటికే.

పాత షెవర్లే గేర్‌బాక్స్ పవర్‌గ్లైడ్ కథ నాకు ఇంకా ఇష్టం. 1950లో వచ్చింది, 1973తో ఆగిపోయింది. దానికున్నవి రెండే గేర్లు. మూడు గేర్లవి వచ్చాక జనం దాన్ని వదిలేశారు, రేసర్లు వదల్లేదు. దాని రూపంలో కొత్త గేర్‌బాక్స్‌లు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. తేలిక, లోపల తిరిగే సామాను తక్కువ, దారి మొత్తంలో గేరు మారేది ఒక్కసారే. ఒక్కసారే మారేచోట తేడా వచ్చే అవకాశమూ ఒక్కటే. బండికి బలముంటే అంతకుమించి గేర్లు అక్కర్లేదు. పది గేర్ల నా కారు పక్కన రెండు గేర్ల పాత షెవర్లే నోవా వచ్చి నిలబడితే దాన్ని గౌరవంగానే చూస్తాను.

బయల్దేరే గీత దగ్గరికి రావడానికి ముందు టైర్లు వేడెక్కించాలి. రోడ్డు టైర్లయితే, రేసు టైర్లు తడపడానికి ఉంచిన నీళ్ల గుంటను చుట్టి వెళ్లాలి, లేకపోతే గాడుల్లో పట్టిన నీళ్లు గీత దాకా వస్తాయి. ముందు బ్రేకులు మాత్రమే బిగించే లైన్ లాక్ నా కారులో ఉంది. వెనక చక్రాల్ని కాస్త తిప్పి దుమ్ము వదిలించడంతో ఆ పని అయిపోతుంది.

ఆ తర్వాత క్రిస్మస్ ట్రీ. 1963 నుంచి డ్రాగ్ ట్రాకుల మీద నిలబడ్డ దీపాల స్తంభం అది. ముందు టైరు మొదటి కాంతిరేఖకు అడ్డొస్తే ప్రీ-స్టేజ్ దీపం, మరికాస్త జరిగితే స్టేజ్ దీపం. ఆటోమేటిక్ బండి తనంతట తానే పాకుతుంది కాబట్టి ఎడమకాలితో బ్రేకును కొద్దికొద్దిగా సడలిస్తే చాలు. స్టేజ్ దీపం వెలిగీ వెలగగానే నేను ఆగిపోతాను. అలా ఆగితే టైరు ఆ రేఖను దాటేలోపు కొంత దూరం పరుగు కలిసొస్తుంది, గడియారం దాటాకే మొదలవుతుంది. మూడు పసుపు దీపాలు అర సెకను ఎడంతో పడతాయి. పచ్చదీపం చూసి కదిలితే ఆలస్యమే. మూడో పసుపుకే కాలు వదలాలి, మనిషి స్పందనా బండి కదలికా కలిసి దాదాపు ఆ అర సెకను తినేస్తాయి. తొందరపడితే ఎర్రదీపం, ఆట అయిపోయినట్టే.

దారిలో కుడికాలు ఎత్తకూడదు. మాన్యువల్ బండిలో గేరు మారినప్పుడల్లా బలం తెగుతుంది. ఆటోమేటిక్‌లో ఒక క్లచ్ వదులుతుండగానే ఇంకోటి పట్టుకుంటుంది. 2018 నుంచి ఆటోమేటిక్ మస్టాంగ్‌కు డ్రాగ్ స్ట్రిప్ మోడ్ కూడా ఇచ్చారు. పాత మూడు గేర్ల బళ్లవాళ్లు మాత్రం చేత్తోనే మారుస్తారు, ప్రతిసారీ ఒకే ఆర్‌పీఎం దగ్గర.

మన దగ్గర ఆటోమేటిక్ కొన్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఏఎంటీ కార్లలో టార్క్ కన్వర్టర్ లేదు. మామూలు క్లచ్‌నే మోటరు నొక్కుతుంది. డీఎస్‌జీలోనూ ఉన్నవి క్లచ్‌లే. పైన చెప్పిన రెండు కాళ్ల పద్ధతి వాటిమీద ప్రయోగిస్తే క్లచ్ మాడిపోతుంది. బయల్దేరే పని కంప్యూటరే చూసుకునే లాంచ్ కంట్రోల్ ఉన్న డీఎస్‌జీ అయితే అదే వాడుకోవాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు డ్రాగ్ స్ట్రిప్ కాదు. అక్కడ పరుగు తీసే పిల్లల్ని తలుచుకుంటే నాకు నిజంగా భయమేస్తుంది. డ్రాగ్ పోటీలు జరిగే ట్రాకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. ఇక్కడ ఎన్నిస్‌లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ నిబంధనల ప్రకారం 13.99 సెకన్లలోపు వెళ్లే ప్రతివాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాలి. బండిని ముందు తనిఖీ చేస్తారు. గీత పక్కనే అంబులెన్స్ ఉంటుంది.

పరుగు ముగిశాక చేతికొచ్చే చీటీలో నేను ముందు చూసేది మొదటి అరవై అడుగుల సమయం. అక్కడ పోయిన పదోవంతు సెకను చివరికొచ్చేసరికి ఇంకాస్త పెరుగుతుంది. అది నిలకడగా ఉంటే మిగతావి వాతావరణం చూసుకుంటుంది. టెక్సాస్ ఎండలో మధ్యాహ్నం గాలి పలచబడి ఇంజిన్‌కి ఊపిరి తక్కువ. చీకటి పడి చల్లబడితే గాలి చిక్కబడి కారు తొందరపడుతుంది. గేర్‌బాక్స్ నూనె మాత్రం రౌండు రౌండుకీ వేడెక్కుతూ ఉంటుంది కాబట్టి బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపి, ప్రతిసారీ ఒకే వేడికి దిగనిచ్చాకే వరుసలోకి వెళతాను. మధ్యాహ్నం 12.60 రాసిన అద్దాన్ని తుడిచి, రాత్రి రౌండుకు 12.54 రాస్తాను.