చైనా ఫొటోలు సరే.. రూల్స్ చూశారా?

ఊళ్లో తెలిసిన సార్ ఒకరు చైనా టూర్ వెళ్లొచ్చారనుకోండి. వాట్సాప్ స్టేటస్ నిండా గ్రేట్ వాల్ సెల్ఫీలు, షాంఘై లైట్లు, మెరిసే క్యాంపస్ వీడియోలు. ఆ వెంటనే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ‘తక్కువ ఖర్చుతో ఎంబీబీఎస్’ సెమినార్!

ఫోన్ కొనేముందు పది రివ్యూలు చూస్తాం. ఆరేళ్ల చదువుకి స్టేటస్ చూసి ఓకే చెప్పేస్తే ఎలా?

జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన రూల్స్ ఇవీ: ఇంగ్లిష్ మీడియంలో కనీసం 54 నెలల కోర్సు, అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆ డిగ్రీతో చైనాలోనూ ప్రాక్టీస్ చేసే అర్హత రావాలి. వెళ్లేముందు నీట్‌లో క్వాలిఫై అవ్వాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈలో 300కి 150 మార్కులు తెచ్చుకోవాలి. ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్.

క్లాసు ఇంగ్లిష్‌లో చెప్పినా, వార్డులో పేషెంట్ మాట్లాడేది చైనీసే. ఆ భాషా నేర్చుకోవాల్సిందే. 2020లో కొవిడ్‌తో చైనా సరిహద్దులు మూసేస్తే మన స్టూడెంట్లు రెండేళ్లకు పైగా ఇంట్లోనే ఆన్‌లైన్ క్లాసులు విన్నారు. పేషెంట్‌ని ముట్టుకోకుండా వైద్యం ఎలా వస్తుంది?

సెమినార్‌కి వెళ్లండి, తప్పులేదు. ఈ రూల్స్‌కి జవాబులు కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెప్పించమనండి. చివర్లో మొహమాటం లేకుండా ఒక్కటి అడగండి: “ఒక్కో సీటుకి మీకెంత వస్తుంది సార్?”