కాచిన నీళ్లలో ఏం మిగులుతుంది?

పలాస నుంచి రైల్లో ఇచ్ఛాపురం వైపు వెళ్తే సుమ్మాదేవి, మందస రోడ్ స్టేషన్లు వస్తాయి. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. ఇదే ఉద్దానం. ఇంత పచ్చని సీమలో ఎందరో రైతులు, కూలీలు షుగర్, బీపీ లేకుండానే కిడ్నీ జబ్బు బారిన పడుతున్నారు. ఎందుకు?

అనుమానం ముందుగా నీళ్ల మీదికే వెళ్లింది. చాలాకాలం ఇక్కడ బోర్లు, నూతులే ఆధారం. వాన నీరు నేలలోకి ఇంకుతూ రాళ్లలోని సిలికా లాంటి ఖనిజాలను కరిగించుకుంటుంది. పురుగుమందుల అవశేషాలూ దాంతోపాటు కిందికి దిగవచ్చు. అయినా తప్పంతా నీటిదేనని ఇప్పటికీ రుజువు కాలేదు. మండుటెండలో పనిచేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు తెగ మింగడం కూడా కారణాలు కావచ్చంటారు. శ్రీలంకలో, నికరాగువాలో పొలాల్లో పనిచేసేవాళ్లకూ ఇలాంటి జబ్బే వస్తోంది.

మరి కాచి తాగితే సరిపోదా? మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. కరిగిన ఖనిజం మాత్రం ఎక్కడికీ పోదు. ఆవిరయ్యేది నీరే కదా, మిగిలినదాంట్లో ఖనిజం పాలు కాస్త పెరుగుతుంది కూడా! ఆర్‌ఓ యంత్రమైతే నీటిని సన్నని పొరగుండా ఒత్తిడితో తోసి, కరిగిన లవణాల్లో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది.

ఈ జబ్బును ఎదుర్కొనేందుకు 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నది నీటిని శుద్ధిచేసి ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి తెలియదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని కొలిచే పరీక్ష దాన్ని ముందే పట్టిస్తుంది. మీ ఇంటి పెద్దలు పొలానికి వెళ్తుంటే నీళ్ల సీసా చేతికివ్వండి, ఆ పరీక్ష చేయించుకోమని పట్టుబట్టండి.