బొడోని అక్షరశిల్పము

గ్రంథాన్ని చదివేటప్పుడు మన దృష్టి భావంపైనే నిలుస్తుంది గాని, ఆ భావాన్ని మోసే అక్షరంపై నిలవదు. ఆ అక్షరాన్నే శిల్పంగా మలచిన ముద్రాపకులలో ఇటలీ దేశీయుడైన జాంబాటిస్టా బొడోని అగ్రగణ్యుడు.

బొడోని 1740లో సలూజ్జో పట్టణంలో ముద్రాపకుల ఇంట జన్మించాడు. యౌవనంలో రోమ్ నగరంలోని క్రైస్తవ మతప్రచార సంస్థ ముద్రణాలయంలో పనిచేస్తూ, ప్రాచ్యదేశాల లిపుల అచ్చులతో పరిచయం పొందాడు. 1768లో పార్మా ప్రభువు ఆయనను తన రాజముద్రణాలయానికి అధిపతిగా నియమించాడు. 1813లో మరణించేవరకు ఆయన కార్యక్షేత్రం ఆ నగరమే.

ఆయన అక్షరాల విశిష్టత ఏమిటి? ఉర్దూ ఖుష్‌నవీసు చేతిలోని కలం కొన ఏటవాలుగా కోయబడి ఉంటుంది. గీత మలుపు తిరిగినకొలదీ లావు క్రమంగా సన్నమవుతుంది. పూర్వపు రోమన్ అచ్చక్షరాలలోను ఇటువంటి కలపు పోకడే కనిపించేది. బొడోని తన పరిణత దశలో ఆ పోకడను విడిచిపెట్టాడు. ఆయన అక్షరాలలో నిలువు గీత మిక్కిలి లావు, అడ్డగీత వెంట్రుకవలె సన్నము. అక్షరపు కొసలయందుండే సెరిఫ్ అనే చిన్నగీత కూడ వంపు లేని పలుచని రేఖయే. పారిస్‌లో ఫర్మిన్ డిడో కూడ ఆ కాలంలోనే ఇట్టి అక్షరాలు చెక్కాడు.

ఇంతటి సన్నని రేఖ నిలవడానికి నున్నని కాగితం, నేర్పుగల ముద్రణ అవసరం. ఇంగ్లండులో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యాలను నున్నని కాగితంపై ముద్రించి ఈ మార్గాన్ని సుగమం చేశాడు.

అయితే ఈ సౌందర్యంలోనే ఒక చిక్కు ఉన్నది. అక్షరం చిన్నదైతే సన్నగీత తెగిపోతుంది లేదా మాయమవుతుంది. లావుగీతలు మాత్రమే మిగిలి, పుట కంచె గుంజల వరుసవలె కనబడి కన్ను అలసిపోతుంది. బొడోని ఇది ఎరిగినవాడే. కనుకనే ప్రతి పరిమాణానికి అక్షరాలను వేరుగా చెక్కాడు. ఒకే నమూనాను కంప్యూటరుపై పెంచుతూ తగ్గిస్తూ వాడినచో ఈ వివేకం లోపిస్తుంది. 1994లో వెలువడిన ఐ.టి.సి. బొడోని రూపకర్తలు పార్మాలోని ఆయన మూల అచ్చులను పరిశీలించి, చిన్న, మధ్యమ, పెద్ద పరిమాణాలకు మూడు వేర్వేరు రూపాలు కల్పించారు.

బొడోని అక్షరాల నమూనా గ్రంథాన్ని ఆయన భార్య మార్గరీటా 1818లో రెండు సంపుటాలుగా ప్రకటించింది. అక్షరానికి క్రమబద్ధత, స్ఫుటత్వం, సదభిరుచి, లాలిత్యం అనే నాలుగు గుణాలు ఉండాలని ఆయన దాని పీఠికలో ప్రతిపాదించాడు.

వోగ్ వంటి పత్రికల పేర్లలో, ఖరీదైన వస్తువుల ప్రకటనలలో నేడు ఈ జాతి అక్షరాలు విరివిగా కనబడుతున్నాయి. పెద్ద శీర్షికకు ఇవి రాజసం తెస్తాయి. చిన్న అక్షరాల దీర్ఘవ్యాసానికి మాత్రం బరువవుతాయి. సంచికలు కూర్చే విద్యార్థులు అక్షరాన్ని ఎన్నుకొనేటప్పుడు దాని సొగసుతో పాటు పరిమాణాన్ని, కాగితాన్ని, అన్నిటికంటె ముఖ్యంగా చదువరి కంటిని దృష్టిలో ఉంచుకొందురు గాక!